తడి మంచు చరియలు: పొద్దున రాయిలా ఉన్న కొండ.. మధ్యాహ్నానికి ఎందుకు జారిపోతుంది?

తెల్లవారుజామున 4 గంటలకు తలకు లైటు కట్టుకుని కొండెక్కడం మొదలుపెడితే మంచు కాళ్ల కింద రాయిలా ఉంటుంది. స్కీల అంచులు కూడా సరిగ్గా దిగవు. అదే వాలు మీద మధ్యాహ్నం 1 గంటకి అడుగేస్తే మోకాలి దాకా కూరుకుపోతారు. కొండ మారలేదు, కొత్తగా మంచూ పడలేదు. మధ్యలో జరిగింది ఒక్కటే.. ఎండ కాసింది. మార్చి నుంచి మే దాకా మంచు కొండల్లో స్కీయింగ్‌కి వెళ్లేవాళ్ల ప్రాణాలు చాలావరకు ఈ కొన్ని గంటల తేడా మీదే ఆధారపడి ఉంటాయి.

మంచు చరియలు అనగానే వీడియోల్లో కనిపించేది తెల్లటి పొగలా దూసుకొచ్చే మంచు మేఘం. అది పొడి మంచు. తడి మంచు చరియ అలా ఉండదు. నీళ్లెక్కువైన సిమెంటు మాలులా, ఉండలు ఉండలుగా దొర్లుకుంటూ వస్తుంది. ఫోన్‌లో చూస్తే 'ఇంత నిదానంగా వస్తోందే, పక్కకి తప్పుకోవచ్చుగా' అనిపిస్తుంది కూడా. గంటకు 200 కిలోమీటర్లు కూడా దాటగల పొడి మంచుతో పోలిస్తే దీని వేగం నిజంగానే తక్కువ, చాలాసార్లు 30 నుంచి 60 కిలోమీటర్లు. కానీ మెత్తబడిన మంచులో దిగబడిన కాళ్లతో, స్కీలు తగిలించుకుని ఉన్న మనిషి ఆ వేగాన్ని కూడా తప్పించుకోలేడు. పైగా బరువు చూడాలి. కొత్తగా పడిన పొడి మంచు క్యూబిక్ మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగితే, తడి చరియ తెచ్చి పోసిన మంచు అర టన్ను దాకా తూగుతుంది.

బ్యాక్‌కంట్రీ అంటే ఏంటి?

టికెట్ కొనుక్కుని, లిఫ్ట్ ఎక్కి, చదును చేసిన దారిలో జారడం రిసార్ట్ స్కీయింగ్. అక్కడ పొద్దున్నే సిబ్బంది వాలులన్నీ తనిఖీ చేస్తారు, అనుమానం ఉన్నచోట పేలుడు పదార్థాలతో ముందే చరియలు కూల్చేస్తారు. బ్యాక్‌కంట్రీలో ఇవేవీ ఉండవు. స్కీల అడుగున 'స్కిన్' అనే పట్టీలు అంటించుకుని సొంత కాళ్లతో కొండెక్కాలి. ఒకప్పుడు వీటిని నిజంగానే సీల్ జంతువు చర్మంతో చేసేవారు కాబట్టి ఆ పేరు మిగిలిపోయింది. పైకెళ్లాక పట్టీలు ఊడదీసి, ఎవరూ తొక్కని వాలు మీద కిందికి జారతారు. అక్కడ మంచు ఎలా ఉందో చూసుకోవాల్సింది వాళ్లే.

రిసార్ట్‌లో అయితే పూర్తి భద్రతేనా అంటే అదీ కాదు. 2005 మే 20న అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో అరాపహో బేసిన్ రిసార్ట్‌లో, స్కీయర్ల కోసం తెరిచి ఉంచిన వాలు మీదే తడి మంచు పలక జారి ఒక స్కీయర్ ప్రాణం పోయింది. అనుభవం ఉన్న సిబ్బంది రోజూ కాపలా కాసే చోట కూడా తడి మంచు లెక్క తప్పించగలదు. కాపలా లేని కొండల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు చేరితే మంచుకి ఏమవుతుంది?

చిన్నప్పుడు ఇసుకలో పిచ్చుక గూళ్లు కట్టినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎండు ఇసుకతో గూడు నిలబడదు. కొంచెం తడి తగిలితే గట్టిగా పట్టుకుంటుంది. అదే ఇసుకలో ఇంకాసిని నీళ్లు పోస్తే కూలి జారిపోతుంది. మంచూ అంతే. కొద్దిపాటి తడి రేణువులను దగ్గరికి లాగి పట్టి ఉంచుతుంది. తడి పెరిగేకొద్దీ రేణువుల మధ్య ఉన్న అతుకులే కరిగిపోతాయి.

శాస్త్రవేత్తలు దీనికి కొలతలు పెట్టుకున్నారు. మంచులో నీటి వాటా ఘనపరిమాణంలో 3 శాతం లోపు ఉంటే తేమ మంచు, 3 నుంచి 8 శాతం ఉంటే తడి మంచు, 8 నుంచి 15 అయితే బాగా తడిసిన మంచు, అది దాటితే గుజ్జు. కొండ మీద అంత లెక్క ఎవరూ కట్టరు. గ్లోవ్ వేసుకున్న చేత్తో గుప్పెడు తీసి పిండుతారు. ఉండ కడితే తేమ ఉన్నట్టు. పిండగానే నీళ్లు కారితే ఆ వాలు మీద ఉండాల్సిన టైమ్ ఎప్పుడో అయిపోయినట్టు.

ఇంకో ముఖ్యమైన విషయం. చలికాలమంతా పడిన మంచు ఒకే ముద్దలా ఉండదు. పొరలు పొరలుగా ఉంటుంది. పైనుంచి దిగే నీరు గట్టి ఐసు పొర దగ్గరో, రేణువుల సైజు మారే చోటో ఆగిపోయి పక్కలకి పాకుతుంది. అడుగున పంచదార పలుకుల్లాంటి వదులు మంచు ఉంటే, ఆ నీళ్లు తగిలిన క్షణాన దాని పట్టు సడలిపోతుంది. పైనున్న మందపాటి పలక మొత్తం ఒక్కసారే కదులుతుంది. ముసురు పట్టిన రాత్రి పైకి బాగానే కనిపించే మట్టి గోడ అడుగు నాని కూలినట్టు.

అందుకే పొరలకు తడి మొదటిసారి తగిలే రోజులు అన్నిటికన్నా ప్రమాదం. నాలుగైదు సార్లు కరిగి, మళ్లీ గడ్డకట్టిన పాత మంచులో నీళ్లు కిందికి పోవడానికి దారులు ఏర్పడతాయి. కొత్త మంచుకి ఆ దారులు ఉండవు. చలి తర్వాత వచ్చే మొదటి వేడి రోజు స్కీయర్లకు అందుకే భయం. బయటికి చూస్తే నీలాకాశం, మంచి ఎండ.. సెల్ఫీలకి అంతకన్నా మంచి రోజు దొరకదు.

మూడు రకాలుగా జారుతుంది

ఒకటి, ఒక్క చుక్క దగ్గర మొదలై కిందికి పోయేకొద్దీ విసనకర్రలా విచ్చుకునేది. సాధారణంగా ఎండకి కాగిన రాతి పక్కనో, చెట్టు కిందో మొదలవుతుంది. చిన్నదే కదా అనుకుంటే, దారిలో మంచునంతా ఊడ్చుకుంటూ లోయకి చేరేసరికి పెద్దదై ఉంటుంది. రెండోది ఇందాక చెప్పిన పలక. మూడోది విచిత్రమైంది. నున్నటి రాతి మీదో, పడుకున్న గడ్డి మీదో ఉన్న మంచు మొత్తం నేల నుంచే మెల్లగా జరుగుతుంది, పైభాగంలో నోరు తెరిచినట్టు పెద్ద పగులు కనిపిస్తుంది. ఆ పగులు రోజుల తరబడి అలాగే ఉండొచ్చు, గంటలో ఊడిపడొచ్చు. ఎప్పుడన్నది నిపుణులు కూడా చెప్పలేరు. కాబట్టి దాని కింద ఆగి టీ తాగకూడదు.

పొడి మంచుకీ దీనికీ అసలు తేడా ఇంకోటి ఉంది. పొడి పలక ప్రమాదాల్లో పదింట దాదాపు తొమ్మిదింట్లో చరియను కదిలించేది అందులో చిక్కుకున్న మనిషి, లేదా అతని జట్టులోవాళ్లు. అంటే జాగ్రత్తపడటం కొంత మన చేతుల్లో ఉంది. తడి మంచు ఎక్కువగా దానంతట అదే జారుతుంది. కింద దారిలో ఎవరో నడుస్తున్నారని చూడదు. గొయ్యి తవ్వి పొరలు పరీక్షించినా అంత లాభం లేదు, ఎందుకంటే పొద్దున 8కి వచ్చిన ఫలితం 11 గంటలకు పనికిరాదు.

రాత్రి ఏం జరిగిందో అదే అసలు సంగతి

వసంతకాలపు స్కీయర్లు లేవగానే చూసేది ఆకాశాన్ని కాదు, రాత్రి మంచు సరిగ్గా గడ్డకట్టిందా లేదా అన్నది. మబ్బు లేని రాత్రి మంచు తనలోని వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకి రెండు మూడు డిగ్రీలు పైన ఉన్నా సరే, పైపొర గట్టిపడుతుంది. లంబసింగిలో ఆకాశం తేటగా ఉన్న రాత్రే చలి వణికించడం, మబ్బు పడితే తగ్గడం తెలిసిందే కదా, అదే సూత్రం. మబ్బు పట్టిన రాత్రి కొండకి దుప్పటి కప్పినట్టు. వేడి బయటికి పోదు, మంచు గడ్డకట్టదు. అలాంటి రాత్రి తర్వాత తెల్లవారుజామున కూడా వాలు నిన్న మధ్యాహ్నం ఉన్నట్టే ఉంటుంది. ఎంత పెందలాడే లేచినా ప్రయోజనం ఉండదు.

బాగా గడ్డకట్టిన రోజైతే సూర్యుడు ఎక్కేకొద్దీ పైనున్న రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం మెత్తబడతాయి, కింద గట్టిగానే ఉంటుంది. దాన్నే కార్న్ స్నో అంటారు, మొక్కజొన్న గింజల్లాంటి గుండ్రటి రేణువులు. స్కీలు దాని మీద వెన్న మీద కత్తిలా పోతాయి. ఇంత కష్టపడి అర్ధరాత్రి లేచేది ఈ మంచు కోసమే. చిక్కేంటంటే ఆ హాయి ఒక గంటో, గంటన్నరో ఉంటుంది. ఎండ లోపలికి దిగుతూనే ఉంటుంది కాబట్టి 'ఇంకో రౌండ్ వేద్దాం' అనుకునే టైమ్‌కి ఆ వాలే మరో వాలు అయిపోతుంది.

గట్టి పొర పైకి కనిపిస్తే సరిపోదు, మందం చూడాలి. కర్రతో గట్టిగా పొడిస్తే టప్పున దిగిపోయి అడుగున గుజ్జు తగిలితే, అది పాల మీద మీగడ లాంటిదే.

1910.. ఒక్క రాత్రి వాన, 96 మంది ప్రాణాలు

తడి మంచు అంటే ఎండ ఒక్కటే కాదు. మంచు మీద వాన పడితే ఎండకన్నా వేగంగా పని జరుగుతుంది. కొత్త మంచు మీద వాన మొదలైన కాసేపటికే చరియలు జారడం మొదలవుతుంది. దీనికి అమెరికా చరిత్రలోనే అత్యంత ఘోరమైన ఉదాహరణ వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్‌కి తూర్పున, క్యాస్కేడ్ పర్వతాల్లోని స్టీవెన్స్ పాస్ దగ్గర ఉంది.

1910 ఫిబ్రవరి చివర్లో గ్రేట్ నార్తర్న్ రైల్వేకి చెందిన రెండు రైళ్లు, ఒకటి ప్రయాణికులది, ఇంకోటి పోస్టల్ రైలు, సొరంగం దాటి వెల్లింగ్టన్ అనే చిన్న స్టేషన్‌లో ఆగిపోయాయి. రోజుల తరబడి తెరిపి లేకుండా మంచు తుపాను. పట్టాల మీద మంచు తవ్వే యంత్రాలు కూడా చిక్కుబడిపోయాయి. పైన ఉన్న కొండ మీద చెట్లు అంతకుముందే అడవి మంటల్లో పోయాయి, మంచుని ఆపేది ఏమీ లేదు. ఫిబ్రవరి 28 రాత్రి చలి తగ్గింది. మంచు పడటం ఆగి వాన మొదలైంది, గాలి వెచ్చబడింది. ఎన్నో రోజులుగా ఇరుక్కుపోయినవాళ్లకి అది శుభవార్తలాగే అనిపించి ఉంటుంది.

అర్ధరాత్రి దాటి, మార్చి 1 తెల్లవారుజామున 1 గంట తర్వాత, ఉరుములు మెరుపుల మధ్య కొండ మీద మంచు పలక తెగింది. రెండు రైళ్లనూ పట్టాల మీంచి లేపి దాదాపు 150 అడుగుల కింద ఉన్న టై నది లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. 23 మంది బతికి బయటపడ్డారు. తర్వాత రైల్వే అక్కడ కాంక్రీటు పైకప్పులు కట్టింది, ఊరి పేరు కూడా మార్చారు. చివరికి 1929లో కొండ కింది నుంచి 12 కిలోమీటర్లకు పైగా పొడవైన కొత్త సొరంగం తెరిచి ఆ దారినే వదిలేశారు. పాత రైలు దారి ఇప్పుడు ఐరన్ గోట్ ట్రైల్ అనే నడక దారి.

ఈ కథ తెలుగువాళ్లకి అనుకున్నంత దూరం కాదు. సియాటిల్ పక్కనే ఉన్న రెడ్‌మండ్, బెల్‌వ్యూ ఊళ్లలో ఐటీ ఉద్యోగాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. శీతాకాలం వీకెండ్ వస్తే పిల్లల్ని తీసుకుని స్నోక్వాల్మీ పాస్‌కో, స్టీవెన్స్ పాస్‌కో వెళ్లడం మామూలే. క్యాస్కేడ్ పర్వతాలు సముద్రానికి దగ్గర. అందుకే జనవరిలో కూడా అక్కడ మంచు మీద వాన పడుతుంది. స్నోక్వాల్మీ పాస్ ఎత్తు దాదాపు 920 మీటర్లే కావడంతో పొద్దున మంచు, సాయంత్రం వాన అక్కడ కొత్త కాదు. స్కీలు లేకపోయినా, స్నోషూలు వేసుకుని నిటారు వాలు కింది నుంచి నడుస్తున్నా ప్రమాదం ఒకటే. ఆ ప్రాంతానికి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ శీతాకాలమంతా రోజూ హెచ్చరికల బులెటిన్ ఇస్తుంది, ఫ్రీగా చూడొచ్చు. వాతావరణం యాప్‌లో 'రెయిన్' గుర్తు చూసి గొడుగు పెట్టుకుంటే సరిపోదు, ఈ బులెటిన్ చూడాలి.

కొండ ముందే చెప్పే గుర్తులు

తడి మంచులో ఒక మేలుంది. పొడి పలకలా చడీచప్పుడు లేకుండా మోసం చేయదు, చాలాసార్లు ముందే చెబుతుంది. రాళ్ల కింద నుంచి, స్కీల పక్క నుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుకుంటూ, చుట్టలు చుట్టుకుంటూ కిందికి పోతుంటే అది మొదటి గంట. కాలు చీలమండ దాకా దిగుతోందంటే ఇంటికి వెళ్లే టైమ్. బూటు పైదాకా దిగుతోందంటే ఆ టైమ్ దాటిపోయింది. చెట్ల మీంచి మంచు ముద్దలు రాలడం, అదే దిక్కుకి ఉన్న పక్క వాలు మీద కొత్తగా విసనకర్ర ఆకారపు చారలు, రాళ్ల మీద నీళ్లు కారుతున్న చప్పుడు.. ఇవన్నీ ఒకే మాట చెబుతున్నట్టు. మంచు మీద దుమ్ము పడి రంగు మారి ఉంటే ఇంకా తొందరపడాలి. తెల్లటి కొత్త మంచు ఎండలో 80 నుంచి 90 శాతం వెనక్కి తిప్పికొడుతుంది, మురికి మంచు తాగేస్తుంది. కొలరాడో కొండల మీద వసంతంలో ఎడారి నుంచి ఎర్ర దుమ్ము వచ్చి పడటం, మంచు త్వరగా కరగడం అక్కడివాళ్లకి బాగా తెలుసు.

కొండ కొసన గాలికి బయటికి పెరిగి వేలాడే మంచు అంచులు కూడా వేడికే విరుగుతాయి. అలాంటి ముద్ద ఒకటి కిందపడితే చాలు, మొత్తం వాలుని లేపేస్తుంది.

గడియారం, దిక్కులు

ఉత్తరార్ధగోళంలో తూర్పు ముఖం వాలు మీద ముందుగా ఎండ పడుతుంది, తర్వాత దక్షిణం, మధ్యాహ్నం దాటాక పడమర. ఉత్తరం ముఖం చాలాసేపు చల్లగానే ఉంటుంది. తెలిసినవాళ్లు ఈ వరసలోనే దిగుతారు, తూర్పు వాలు పొద్దున్నే ముగించేస్తారు. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నచోట చరియలు ఎక్కువ. కానీ బాగా తడిసిన మంచు అంతకన్నా తక్కువ వాలు మీద కూడా జారగలదు.

ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడ కాదు, తిరుగు దారిలో. నీడగా ఉన్న ఉత్తరపు వాలు మీద మంచి మంచులో జారి, సంతోషంగా లోయలోకి దిగుతారు. అప్పటికి మధ్యాహ్నం. కారు దాకా వెళ్లే దారి దక్షిణపు వాలు కింది నుంచి పోతుంది. వాళ్ల కాళ్ల కింద చదును నేలే, తల పైన మాత్రం పొద్దుటి నుంచి ఎండలో నానుతున్న 500 మీటర్ల మంచు. అందుకే ప్లాన్ వేసేటప్పుడు పైకెక్కే టైమ్ నుంచి కాకుండా, కారు దగ్గరికి చేరాల్సిన టైమ్ నుంచి వెనక్కి లెక్కేస్తారు. 11 గంటలకల్లా లోయ దాటాలంటే శిఖరం ఎన్నింటికి వదలాలి, దానికి ఎన్నింటికి లేవాలి అని. మూడింటికి అలారం పెట్టుకోవడం వెనక సంగతి ఇదీ.

ఐరోపా దేశాల్లో అవలాంచ్ ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో చెబుతారు. వసంతంలో పొద్దునకి ఒక అంకె, మధ్యాహ్నానికి ఇంకో అంకె ఇవ్వడం మామూలు. పొద్దున 1 ఉన్న చోటే మధ్యాహ్నానికి 3 అవుతుంది. 3 అంటే మధ్యలోదే కదా అని తేలిగ్గా తీసుకోవడం పెద్ద పొరపాటు.

మన హిమాలయాల్లో?

గుల్‌మార్గ్ గొండోలా రెండో దశ ఎక్కితే దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకి చేరతారు. తెలుగు టూరిస్టులు ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. స్కీయర్లు అక్కడి నుంచే గీత దాటి అఫర్వాట్ కొండ వాలుల్లోకి దిగుతారు. 2023 ఫిబ్రవరి 1న అక్కడ మంచు చరియలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు. ఆ రెండూ నడి చలికాలంలో జరిగినవి. మార్చి దాటాక ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. ఆల్ప్స్ కంటే కశ్మీర్ భూమధ్యరేఖకు బాగా దగ్గర. సూర్యుడు ఇంకా నిటారుగా కాస్తాడు, దక్షిణపు వాలులు త్వరగా తడుస్తాయి. చండీగఢ్‌లో ఉన్న డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్ఈ, ఒకప్పుడు మనాలీలో సాసే పేరుతో ఉన్నదే, హిమాలయ రాష్ట్రాలకు అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. స్కీయింగ్ జోలికి పోకుండా వసంతంలో రోడ్డు మీద జోజిలా లాంటి కనుమలు దాటేవాళ్లకీ అవి పనికొస్తాయి.

చిక్కుకుంటే?

జట్టులో ప్రతి ఒక్కరి దగ్గరా మూడు ఉండాలి. సిగ్నల్ పంపే, పట్టుకునే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర, పార. ఫోన్ వీటికి బదులు కాదు. ట్రాన్స్‌సీవర్లన్నీ ప్రపంచమంతా 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఏ కంపెనీదైనా ఇంకోదాన్ని పట్టుకుంటుంది. స్విట్జర్లాండ్ ప్రమాదాల లెక్కలతో 2024లో వచ్చిన అధ్యయనం ప్రకారం మంచులో పూర్తిగా కూరుకుపోయినవాళ్లలో మొదటి 10 నిమిషాల్లో బయటికి తీస్తే 90 శాతం పైగా బతుకుతున్నారు. అరగంటకి అది మూడో వంతు కంటే తగ్గిపోతుంది. హెలికాప్టర్ వచ్చేలోపు అయిపోయే టైమ్ అది. పక్కనున్నవాళ్లే తవ్వాలి.

తడి మంచులో ఆ తవ్వకమే కష్టం. కదులుతున్నంతసేపు గుజ్జులా ఉన్నది, ఆగిన మరుక్షణం గట్టిపడిపోతుంది. బరువెక్కువ, గాలి ఆడే సందు తక్కువ. ఒక మీటరు లోతులో ఉన్న మనిషిని చేరాలంటే టన్నుకు పైగా మంచు పక్కకి వేయాల్సి రావచ్చు. అందుకే ప్లాస్టిక్ పారలు వద్దంటారు, లోహపువే తీసుకెళ్తారు. తవ్వేవాళ్లు మనిషి ఉన్న చోట నేరుగా పైనుంచి కాకుండా, వాలుకి కింది వైపు కాస్త దూరం నుంచి అడ్డంగా తవ్వుకుంటూ వెళ్తారు. తవ్విన మంచుని వెనకున్నవాళ్లు కిందికి తోసేస్తూ, ముందున్నవాడు అలసిపోగానే స్థానాలు మారుతూ ఉంటారు. అదే సమయంలో ఒకరు మాత్రం పార పట్టకుండా పైన మిగిలిన మంచునే చూస్తూ నిలబడాలి. ఎండ ఇంకా కాస్తూనే ఉంటుంది కాబట్టి.